పందిపిల్ల చరిత్ర

గెల్టింగ్ అఖాతం ఒడ్డు
9 మార్చి 1952

తమ్ముడు అస్మస్‌కి,

అక్క గేష దీవెనలు. నీ కొత్త సంవత్సరం కార్డుకి మార్చిలో జవాబు రాస్తున్నందుకు తిట్టుకునే ఉంటావు. తిట్టుకో. ఇక్కడ అఖాతం గడ్డకట్టి, పంపు గడ్డకట్టి, చివరికి నా సిరా కూడా గడ్డకట్టింది. ఇప్పుడు కాస్త ఎండ మొహం చూస్తున్నాం. ఆవు ఈనింది, కోడెదూడ. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, నోరు కూడా అలాగే ఉంది.

అసలు సంగతికి వస్తాను. యుద్ధం ముగిసిన వారంలో మీ నౌకాదళం వాళ్ళు మన అఖాతంలో ముంచేసి పోయిన జలాంతర్గాములున్నాయే, వాటిని లేపి పాత ఇనుముగా అమ్ముకోవడానికి ఒక కంపెనీ వచ్చింది. ఒడ్డుకి దగ్గరున్నవాటిని ఇదివరకే ఎవరెవరో ఎత్తుకుపోయారు, లోతులో ఉన్నవి మిగిలాయి. మీ బావని డైవరుగా పెట్టుకున్నారు. వారమంతా క్రేను బల్లకట్టు మీదే తిండీ నిద్రా. శనివారం సాయంత్రం ఇంటికొస్తాడు, ఒంటినిండా బురద కంపుతో. నేనేమీ అనను. వల చినిగిన ప్రతిసారీ ఆ పడవల్ని శాపనార్థాలు పెట్టిన మనిషికి ఇప్పుడు అవే అన్నం పెడుతున్నాయి.

మొన్న శనివారం బూట్లు విప్పకుండానే ఒక కబురు చెప్పాడు. వరసలో మూడో పడవ టవరు మీద నాచు గీకుతుంటే కింద రంగు కనిపించిందట. ఇంకాస్త గీకితే పందిపిల్ల, నోట్లో నాలుగాకుల గడ్డి పరక. నీ టోపీ మీద ఉండేదే, ఆ ఇత్తడి పందిపిల్ల. "మీ తమ్ముడి పడవే, దాని బొడ్డు కింద నిలబడి వచ్చాను" అన్నాడు. అమ్మ లేచి పొయ్యిలో కట్టె పెట్టి వచ్చింది. సంతోషం పట్టలేకే అనుకుంటాను.

నువ్వు సెలవులకి తెచ్చిన చిన్న తెల్లజెండా ఇప్పటికీ సోఫా పైన గోడకి అద్దాల ఫ్రేములో ఉంది. దాని మీద రాసిన టన్నులెన్నో, పడమటి సముద్రంలో నువ్వు ముంచిన ఓడ ఎంత పెద్దదో తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. పాస్టరుగారు కూడా కాఫీకి వచ్చినప్పుడల్లా దాని కిందే కూర్చుంటారు. ఇప్పుడు పడవే దొరికింది కాబట్టి, యెస్సన్ మాస్టారు ఏటా వేసే జిల్లా క్యాలెండర్ పుస్తకంలో దాని చరిత్ర వేస్తానంటున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ మునిగేదాకా దాని సర్వీసంతా నువ్వే రాసి పంపాలి. నీకన్నా తెలిసినవాళ్ళెవరు, టార్పెడో గదిలో పనిచేసినవాడివి. అమ్మ మాత్రం "వాణ్ణి విసిగించకు, పడవ సంగతులు వాడికి ఇష్టం ఉండవు" అంటోంది. ఆవిడ మాట వినకు. రెండు పేజీలు చాలు.

వాల్‌బుర్గ మరదలికి నా ముద్దులు. మలుగు చేపలు పొగబెట్టగానే పార్సిల్ పంపిస్తాను.

నీ అక్క,
గేష


హైల్‌బ్రోన్
20 మార్చి 1952

గేషక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. దూడ సంగతి విని సంతోషం. ఇక్కడ ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరిస్తున్నారు. మా మామగారు నన్ను కూడా కత్తెర ఇచ్చి నిలబెట్టారు. సాయంత్రానికి నేను కత్తిరించిన వరసని మళ్ళీ ఆయనే చూసుకుంటూ పోయారు. ఉత్తరాది అల్లుడి మీద వీళ్ళకి ఉన్న నమ్మకం అంత. పంపుల ఫ్యాక్టరీలో మాత్రం నన్ను నమ్ముతారు. నీళ్ళు ఎక్కడ కారుతాయో నాకు తెలుసని ఒప్పుకున్నారు.

మాస్టారి కోసం అడిగావు కాబట్టి రాస్తున్నాను. పడవ డాంట్సిగ్‌లో కట్టారు. నలభై ఒకటి శరదృతువులో వర్షంలో జెండా ఎగరేశాం, బ్యాండు వాళ్ళ బాకాల్లోకి నీళ్ళు పోయాయి. ఆ కొత్త సంవత్సరానికి కెప్టెన్ భార్య బాదం ముద్దతో చేసిన పందిపిల్లని పంపింది, అదృష్టం కలిసి రావాలని. పడవంతటికీ ఒకటే పంది. వంటవాడు దాన్ని దారంతో కోసి పంచాడు, నాకు చెవి వచ్చింది. బొమ్మ అలా వచ్చింది. తరవాత బాల్టిక్‌లో చాలాకాలం ఉన్నాం. పరీక్షలు, కసరత్తులు. ఒక చలికాలం మంచులో ఇరుక్కున్నాం. కెప్టెన్లు ముగ్గురు మారారు, మంచివాళ్ళే. రెండు మరుగుదొడ్లలో ఒకదాంట్లో ఎప్పుడూ బంగాళాదుంపలే. చివర్లో మీ అఖాతంలోకి వచ్చాం. ముంచెయ్యమని ఒక కబురొచ్చింది, వద్దని ఇంకో కబురొచ్చింది. మేం మొదటిదే విన్నాం. వాల్వులు తెరిచి, రబ్బరు పడవల్లో ఒడ్డుకొచ్చాం.

ఇంతే. క్యాలెండర్లో వెయ్యదగ్గది ఇందులో ఏమీ లేదని మాస్టారికి నువ్వే చెప్పు. అమ్మ మాట వినడం మంచిది.

బావని ఒకటి అడుగు. పడవని మొత్తంగా లేపుతారా, ముక్కలుగా కోస్తారా? మందుగుండు తీసేసే వాళ్ళు కీల్ నుంచి ముందే వచ్చి చూస్తారు కదా? వాళ్ళు వచ్చి చూసేదాకా ముందు గది జోలికి పోవద్దను. మరిచిపోకు.

నీ తమ్ముడు,
అస్మస్


గెల్టింగ్ అఖాతం ఒడ్డు
16 ఏప్రిల్ 1952

అస్మస్‌కి,

ఈస్టర్ వెళ్ళింది. గుడ్లకి రంగులేశాను, ఎవరూ తినలేదు. ఎందుకో రాస్తాను.

గుడ్ ఫ్రైడే నుంచి పనికి సెలవిచ్చారు. అంతకు ముందు బుధవారం మీ బావ నీ పందిపిల్ల లోపలికి దిగాడు. నువ్వు వద్దన్న ముందు గదిలోకే. నీ ఉత్తరంలో మాట నేను చెప్పగానే ఆయన నవ్వి, "బావమరిది అక్కడేదో దాచుకున్నట్టున్నాడు, సారా సీసాలేమో" అన్నాడు. బురద తోడి చూస్తే ఏం కనిపించాయో తెలుసా? ఎర్రా తెలుపూ చారల మూతులతో టార్పెడోలు, పక్కన చెక్కలకి కట్టేసి ఉన్నాయి. మందు లేనివి. పిల్లకాయలకి నేర్పేటప్పుడు వాడేవి. ఫోర్‌మన్ బోయ్‌సన్ దగ్గరున్న పట్టీలో కూడా అలాగే ఉందట: బడి పడవ, మొదటి నుంచీ చివరిదాకా బాల్టిక్, ముంచిన శత్రు ఓడ ఒక్కటీ లేదు.

మీ బావకి నోరు ఆగదు కదా. గుడ్ ఫ్రైడే ముందురోజు సత్రంలో అందరి ముందూ చెప్పేశాడు. ఆదివారం చర్చి మెట్ల మీద అందరూ నాకు మామూలుకన్నా పెద్ద నమస్కారాలు పెట్టారు. బోయ్‌సన్ అయితే "మీ తమ్ముడు ముంచిన ఓడ పాపం కాగితం ఓడేమో" అన్నాడు. అమ్మ జెండా ఫ్రేము గోడ మీంచి తీసి తన గదిలో పెట్టుకుంది. అప్పట్నుంచీ ఆ గదిలోనే ఉంటోంది. అడిగితే మోకాళ్ళు అంటుంది.

ముందు గది జోలికి పోవద్దని నువ్వెందుకు రాశావో ఇప్పుడు అర్థమైంది. ఆ చారలు మేం చూడకూడదనే కదా. అస్మస్, నువ్వు బడి పడవలో ఉన్నందుకు నాకేమీ బాధ లేదు. బతికొచ్చావు, అంతే చాలు. కానీ ఆ ముసలావిడ నీ జెండాని తొమ్మిదేళ్ళు తుడిచింది. ఆవిడకి ఎందుకలా చెప్పావు?

బోయ్‌సన్‌కి ఇప్పుడు పని తేలికైంది. మందు లేని పడవ కాబట్టి కీల్ వాళ్ళని పిలవక్కర్లేదట, వాళ్ళ కోసం ఎదురుచూస్తూ రోజులు పాడుచేసుకోవడం ఎందుకంటున్నాడు. మే నెలలో ముందు భాగం నీటిపైకి లేపి, గ్యాసు మంటతో టార్పెడోలు వదిలే గొట్టాల దగ్గర్నుంచే కోస్తారు. అక్కడ మంచి ఇత్తడి ఉందట. కోసేది మీ బావే.

నీ ఇష్టం వచ్చినప్పుడు రాయి.

గేష


హైల్‌బ్రోన్
22 ఏప్రిల్ 1952

గేషక్కా,

ఇది ఫ్యాక్టరీలో భోజనం వేళ రాస్తున్నాను. దయచేసి రెండుసార్లు చదువు, రెండోసారి బావకి వినిపిస్తూ చదువు.

అది బడి పడవే. నేను కాదని ఎప్పుడూ అనలేదు. కొత్త సిబ్బంది వస్తారు, వాళ్ళకి గురి నేర్పిస్తాం, వాళ్ళు వెళ్ళిపోతారు, ఇంకో జట్టు వస్తుంది. గురికి ఒక పాత సరుకుల ఓడ ఉండేది. టార్పెడో దాని కిందినుంచి పోయేలా లోతు పెడతాం. కిందినుంచి పోతే తగిలినట్టు లెక్క. పోయి పోయి ఆగిపోయి నీటిపైకి తేలుతుంది, చిన్న పడవ వెళ్ళి పట్టుకొస్తుంది. చారలు అందుకే, దూరం నుంచి కనిపించాలని. సముద్రం మీద నిజంగా ఓడ ముంచిన పడవలు టన్నులు రాసిన తెల్లజెండా కట్టుకుని రేవుకొస్తాయి కదా, మా కుర్రాళ్ళు కూడా ఆ ముసలి గురి ఓడ బరువు రాసి ఒక జెండా కుట్టారు. ప్రతివారం అదే ఓడని ముంచేవాళ్ళం. ఆ ఓడ కెప్టెన్ మాకు క్రిస్మస్‌కి చేపలు కూడా పంపించాడు. జెండా పాతబడితే నాకిచ్చారు, నేను ఇంటికి తెచ్చాను. దాని గురించి అమ్మనేమీ అడగొద్దు. ఊళ్ళో ఎలా తిరిగిందో ఆ కథంతా నా నిర్వాకమే అనుకో. అనుకుని అక్కడితో వదిలెయ్.

ఇప్పుడు అసలు సంగతి. నలభై అయిదు ఏప్రిల్లో బడులన్నీ మూసేశారు. నేర్పడానికి వచ్చేవాళ్ళు లేరు, నడపడానికి నూనె లేదు. ఉన్న బడి పడవలన్నీ యుద్ధానికి వెళ్ళాలని హుకుం వచ్చింది. మాకు కీల్‌లో నిజమైన టార్పెడోలు ఎక్కించారు. ముందు గొట్టాలు నాలుగు, నాలుగింటికి నాలుగు. అంతకన్నా వాళ్ళ దగ్గర లేవు. చారలవి దింపడానికి రేవులో క్రేను ఖాళీ లేక అలాగే చెక్కలకి కట్టేసి ఉంచాం. బావ చూసింది వాటినే. నాలుగింటినీ గొట్టాల్లోకి తోసి మూతలు బిగించింది ఈ చేతులే. తియ్యలేదు. ముంచేటప్పుడు తీసే వ్యవధి లేదు. ఏ పట్టీలోనూ ఇది ఉండదు, కాగితాలన్నీ కీల్‌లో తగలబెట్టి వచ్చాం.

ఏడేళ్ళు నీళ్ళలో ఉంటే చచ్చిపోతాయని బోయ్‌సన్ అనొచ్చు. మందు చావదు. మంట తగిలితే బావా ఉండడు, బల్లకట్టూ ఉండదు.

బావకి చదివి వినిపించు. కీల్ వాళ్ళని పిలవమను. వెంటనే జవాబు రాయి.

అస్మస్


గెల్టింగ్ అఖాతం ఒడ్డు
4 మే 1952

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది. వెంటనే రాయమన్నావు, రాయలేకపోయాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. ఇప్పుడు కోపం లేదు, కాబట్టి నిదానంగా విను.

ఒక్కదాన్నే చదివాను, రెండుసార్లూ. మీ బావ హిన్రిక్‌కి వినిపించలేదు, వినిపించను కూడా. ఎందుకంటావా? చదివితే ఆయన బోయ్‌సన్‌కి చెబుతాడు, బోయ్‌సన్ బల్లకట్టుకంతా చెబుతాడు, ఆదివారానికి సత్రంలో పాటకట్టి పాడతారు. ఒక ఓడ ముంచానన్నాడు, అది తేలింది. ఇప్పుడు నాలుగు టార్పెడోలున్నాయంటున్నాడు. వాళ్ళనేది ఇదే. నిన్ను చూసి నవ్వితే నేను తట్టుకోలేను. చిన్నప్పుడు బడిలో నవ్వారని నువ్వు వారంరోజులు గడ్డివాములో కూర్చున్నావు. రొట్టె తెచ్చి ఇచ్చింది నేనే. నీకు గుర్తుండదు, నాకు గుర్తుంది.

నువ్వు యుద్ధానికి బయల్దేరావని చెప్పుకోవాలని ఉంది. అర్థమైంది. చివరి నెలలోనైనా అది నిజం పడవ అయిందని అనిపించుకోవాలి. నాకు అక్కర్లేదు అస్మస్. ఎవరికీ అక్కర్లేదు. నిజమైనవి ఎక్కించుకుని యుద్ధానికి పోయేవాళ్ళు ఎవరైనా పిల్లల బొమ్మల్ని కూడా మోసుకుపోతారా? నాకే తెలిసింది, బోయ్‌సన్‌కి తెలియదా?

ఒక్కటి మాత్రం చేశాను. గొట్టాల్లో ఏమైనా ఉంటే ఎలా అని మామూలుగా అడిగినట్టు హిన్రిక్‌ని అడిగాను. లోపలి మూతలూ బయటి మూతలూ తుప్పుపట్టి బిగుసుకున్నాయట, తెరవడం కుదరదు, కోస్తేనే తెలుస్తుందన్నాడు. ఉంటే చారలవే ఉంటాయన్నాడు.

ముందు భాగం నీటిపైకి వచ్చేసింది. ఒడ్డు మీంచే కనిపిస్తోంది, పెద్ద చేప తలలా. బల్లకట్టు పక్కన కట్టేశారు. వచ్చే సోమవారం, పన్నెండో తేదీన, కోత మొదలు. అది అయిపోతే ఈ పడవ గొడవ మన ఇంట్లోంచి పోతుంది. అమ్మ మళ్ళీ కాఫీకి బయటికొస్తుంది. నువ్వు వేసవికి వాల్‌బుర్గని తీసుకుని రా. ఎవరైనా నోరెత్తితే నా సంగతి నీకు తెలుసు.

మలుగు చేపలు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. తడి తగలనివ్వకు.

నీ అక్క,
గేష


హైల్‌బ్రోన్
9 మే 1952

గేషా,

ఇప్పుడే పోస్టాఫీసు నుంచి వస్తున్నాను. బావ పేరున ఇంటికి టెలిగ్రాము కొట్టాను: "ముందు గొట్టాలు ముట్టొద్దు. నాలుగూ నిజమైనవి. కీల్ వాళ్ళని పిలువు. అస్మస్." బల్లకట్టు మీదికి కొట్టడం కుదరదన్నారు. కీల్ వాళ్ళకి ఫోన్ చేస్తే, కంపెనీ పిలిస్తేనే వస్తామన్నారు.

నవ్వనీ. ఊరంతా నవ్వనీ. నేను మళ్ళీ ఆ ఊళ్ళో అడుగుపెట్టకపోయినా ఫరవాలేదు. మంట వెలిగించే ముందు ఆ మనిషికి నా మాట ఒక్కసారి వినిపించు. నన్ను నమ్మమని అడగడం లేదు. అనుమానపడమని అడుగుతున్నాను.

నీ ఉత్తరం రేపు కాక ఇవాళే వచ్చినందుకు పోస్టుమన్‌కి వాల్‌బుర్గ ద్రాక్షసారా పోసింది. నేను సెలవడిగాను. సోమవారం లోపల అక్కడికి చేరే దారి లేదు, మంగళవారం దాకా ఫ్యాక్టరీ వాళ్ళు వదలరు.

అస్మస్


గెల్టింగ్ అఖాతం ఒడ్డు
18 మే 1952

తమ్ముడికి,

"అందరూ క్షేమం. కీల్ వాళ్ళు వచ్చారు. బయల్దేరకు" అని నేను కొట్టిన టెలిగ్రాము నీకు మంగళవారమే అంది ఉంటుంది. మీ బావ ఇప్పుడు గుమ్మంలో కూర్చుని బూట్లకి కొవ్వు రాసుకుంటున్నాడు. మిగతాది వరసగా రాస్తాను.

నీ టెలిగ్రాము శనివారం మధ్యాహ్నం వచ్చింది. దూడకి మందు కోసం నేను గెల్టింగ్ వెళ్ళాను. అమ్మ తీసుకుంది. హిన్రిక్ పేరున ఉన్నా విప్పింది. ఈ గడప దాటిన ఏ కాగితమైనా తనదేనని ఆవిడ ఉద్దేశం. సాయంత్రం భోజనాల దగ్గరికి నెలరోజుల తరవాత బయటికొచ్చి, నిలబడే చదివింది. హిన్రిక్ నవ్వాడు. బావమరిదికి యుద్ధం సరిపోయినట్టు లేదన్నాడు. నేను తలొంచుకుని రొట్టె కోస్తున్నాను. అమ్మ ఆయన్ని చూడలేదు, నన్నే చూస్తోంది. వాడు ఇంతకు ముందు కూడా ఇలా రాశాడా అని అడిగింది. అబద్ధం చెప్పలేక నీ ఏప్రిల్ ఉత్తరం తెచ్చిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. "నా నిర్వాకమే అనుకో" అన్నచోట వేలు పెట్టి మళ్ళీ చదివింది. మడిచి జేబులో వేసుకుని పడుకోవడానికి వెళ్ళిపోయింది. ఆదివారం చర్చికి వచ్చింది, వెనక వరసలో కూర్చుంది.

సోమవారం పొద్దున లేచేసరికి ఆవిడ మంచం మీద లేదు. వంటింట్లో ఒక కుర్చీ కూడా లేదు. రేవు దగ్గర అడిగితే, అల్లుడికి తిండి ఇచ్చి వస్తానంటే పనివాళ్ళ పడవలోనే తీసుకెళ్ళామన్నారు. కుర్చీ ఎందుకమ్మా అంటే మోకాళ్ళు అందట. తరవాత పడవలో నేనూ వెళ్ళాను.

నీ పందిపిల్ల మూతి మీద, సరిగ్గా గొట్టాలు ఉన్నచోట, మన వంటింటి కుర్చీ వేసుకుని అమ్మ మేజోడు అల్లుతోంది. ఎదురుగా హిన్రిక్, చేతిలో వెలిగించని మంట గొట్టం. బల్లకట్టు మీద బోయ్‌సన్ మొహం ఉడికించిన పీతలా ఉంది. మిగతావాళ్ళు పని మానేసి తమాషా చూస్తున్నారు. కుర్చీతో సహా ఎత్తి పడవలో పెట్టిస్తానని బోయ్‌సన్ అరుస్తున్నాడు, ఎత్తడానికి ఎవరూ ముందుకు రావడం లేదు.

హిన్రిక్ మర్యాదగానే చెప్పాడు. "దిగండి అత్తయ్యా. ఆ జెండా సంగతి మరిచిపోయారా? అప్పుడు మిమ్మల్నే మోసం చేశాడు. ఇప్పుడూ అంతే."

అమ్మ అల్లిక ఆపలేదు. గొంతు కూడా పెంచలేదు. అందరికీ వినిపించింది.

"జెండా ఇచ్చిన రోజే వాడు నాకు మొత్తం చెప్పాడు. ఆ ఓడకి ఏమీ కాలేదనీ, మళ్ళీ వారం దాన్నే కొడతారనీ చెప్పాడు. ఇద్దరం కూర్చుని నవ్వుకున్నాం కూడా. ఓడ ముంచాడని ఊరికి చెప్పింది నేను. వాడు మళ్ళీ సెలవుకొచ్చేసరికి అందరూ వాడి వీపు తట్టారు. నా పరువు పోతుందని నోరు మూసుకున్నాడు, ఇప్పటిదాకా మూసుకునే ఉన్నాడు."

ఎందుకు చెప్పారని బోయ్‌సన్ అడిగాడు.

"ఆ వారమే మా పక్కింటి తేయాకి రెండో కబురొచ్చింది. ఇద్దరు కొడుకులూ పడవల్లోనే పోయారు. దుకాణానికి వెళితే నీవాడెక్కడ అని అడిగేవాళ్ళు. మావాడు ఇక్కడే ఉన్నాడు, చారల టార్పెడోలతో ఆడుకుంటున్నాడు, రోజూ వేడి సూప్ తాగుతున్నాడు అని ఏ నోటితో చెప్పను?"

అప్పుడు తలెత్తి హిన్రిక్‌ని చూసింది. "వాడు నాకు ఏనాడూ అబద్ధం చెప్పలేదు. నాలుగున్నాయన్నాడు. ఉన్నాయి. నువ్వు వెలిగించుకో నాయనా, నేను కదలను."

నేను వెళ్ళి ఆవిడ పక్కన ఆ తడి ఇనుము మీదే కూర్చున్నాను. "లే, నడుం పట్టేస్తుంది" అంది. లేవలేదు. హిన్రిక్ మంట గొట్టం కింద పెట్టేశాడు. బోయ్‌సన్ కీల్‌కి ఫోన్ చేశాడు, నిన్ను నమ్మి కాదు, ఇద్దరు ఆడవాళ్ళని దింపుకోవడానికి. మధ్యాహ్నానికి వాళ్ళు వచ్చారు. చారలవి చూసి వాళ్ళు కూడా చిరునవ్వు నవ్వారు. తరవాత ఒకతను లోపలికి దిగి, మొదటి గొట్టం వెనక మూతని మెల్లిగా సడలించి, సందులోంచి చెయ్యి పెట్టి చూసి, పైకొచ్చి, అందర్నీ ఒడ్డుకి పొమ్మన్నాడు. రెండు రోజులు అఖాతంలోకి ఎవర్నీ రానివ్వలేదు. నాలుగింటినీ తీశారు. ఒక్కదానికీ చారలు లేవు.

ఆ సాయంత్రం హిన్రిక్ అన్నం ముట్టలేదు. చేతులు ముందు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి ఉత్తరం రాయడం రాదని నీకు తెలుసు. లోపల అంతా నువ్వు చెప్పినట్టే ఉందని నన్ను రాయమన్నాడు. ఈ మాట మూడుసార్లు చెప్పాడు.

నా సంగతి ఏం రాయను? నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదని చూసుకున్నాను, మీ బావ ప్రాణం సంగతి చూసుకోలేదు. సిగ్గేస్తోంది. నిన్ను నేను గడ్డివాములో పిల్లాడిగానే చూస్తున్నాను, నువ్వు ఎప్పుడో పెద్దవాడివయ్యావు. నాకు చెప్పలేదేం అని కూడా కోపంగా ఉంది. అమ్మ కోసం నువ్వు నోరు మూసుకుంటే, నీ కోసం నేను నోరు మూసుకున్నాను. ఈ ఇంట్లో ఇకమీదట అందరం వాగుదాం.

నిన్న యెస్సన్ మాస్టారు కలం కాగితాలు పట్టుకుని మళ్ళీ వచ్చారు. ఇప్పుడైతే రాయడానికి ఏదో ఉందని ఆయన ఆశ. అప్పుడే తేయా పెరుగు గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. బల్లకట్టు మీద మాటలు ఆవిడ చెవిన పడకుండా ఉంటాయా, సోమవారం నుంచీ మా గుమ్మం తొక్కలేదు. గిన్నె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది. అమ్మ ఆవిణ్ణి చూసి కూడా ఆగలేదు. మాస్టార్ని రాసుకోమంది.

"డాంట్సిగ్‌లో కట్టారు. కుర్రాళ్ళకి పని నేర్పింది. ఒక్క ఓడనీ ముంచలేదు. ఎవరినీ చంపలేదు. మొన్న నా అల్లుణ్ణి చంపబోయింది, నేను సాగనివ్వలేదు. ఇంతే దాని సర్వీసు."

మాస్టారు కలం ఎత్తేశారు. ఇది చరిత్రలా లేదనీ, జిల్లాలో కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్ళు చదువుతారనీ, ఏమనుకుంటారోననీ నసిగారు.  మొదటిసారి అమ్మ గుమ్మం వైపు చూడలేక చేతులు చూసుకుంది.

తేయా గిన్నె బల్ల మీద పెట్టింది. "ఉన్నదున్నట్టు రాయండి మాస్టారూ" అంది. తరవాత అమ్మతో, "అప్పుడే చెప్పి ఉండాల్సింది వదినా. మీ ఇంట్లోనైనా ఒకడు క్షేమంగా ఉన్నాడని, నాకు పడుకున్నప్పుడు తలుచుకోవడానికి ఒకటి ఉండేది" అంది.

అమ్మ లేచి తన కుర్చీ ఆవిడకి ఇచ్చింది. నేను కాఫీ పెట్టాను. ఇద్దరూ చీకటి పడేదాకా కూర్చున్నారు.

నీ అక్క,
గేష